రాజుగారి చావుకి ముహూర్తం

పోయిన వేసవి లో ఒక శనివారం ఇంట్లో వాళ్ళని వేసుకుని నార్ఫోక్ వెళ్ళాను, సాండ్రింగ్‌హామ్ చూడ్డానికి. రెడింగ్ నుంచి మూడు గంటల పైచిలుకు డ్రైవింగు. దారంతా మా చిన్నది "ఇంకా ఎంత దూరం నాన్నా" అని అడగడం, పులిహోర డబ్బా సగం దారిలోనే ఖాళీ అయిపోవడం... అవన్నీ మామూలే. ఆ ఇంటి గురించి నాకు అంతకు ముందు తెలిసింది ఒక్కటే. అక్కడ గడియారాలు ఒకప్పుడు అరగంట ముందు నడిచేవి. ఇంగ్లండు కంతా ఒక టైము, రాజుగారి ఆ పల్లెటూరి ఇంటికి ఇంకో టైము! ఏడవ ఎడ్వర్డు కి వేట పిచ్చి. చలికాలం లో ఇక్కడ మధ్యాహ్నం భోజనం అరిగే లోపే చీకటి పడిపోతుంది కదా, ఉన్న కాస్త వెలుతురూ వృథా కాకూడదని గడియారాలనే ముందుకి జరిపేశాడు. ఆయన కొడుకు అయిదవ జార్జి ఆ ఆచారాన్ని అలాగే ఉంచాడు. రోజూ టైమ్ జోన్ల తో కుస్తీ పట్టే నాలాంటి వాడికి ఈ కథ నచ్చకుండా ఎలా ఉంటుంది? ఒక మనిషి తన సౌకర్యం కోసం గడియారాన్ని జరుపుకోవడం సరదాగా అనిపించింది, ఆ ఇంట్లోనే 1936 లో ఏం జరిగిందో చదివేదాకా.

అయిదవ జార్జి అంటే మా విశాఖ వైపు వాళ్ళకి వేరే పరిచయం అక్కర్లేదు. మన కేజీహెచ్ లో "కేజీ" ఈయనే. 1911 లో ఢిల్లీ దర్బారుకి స్వయంగా వచ్చి, కలకత్తా నుంచి రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించినదీ ఈయనే. "మనల్ని ఏలినవాడు ఎలా చస్తే మనకేంటి?" అని మీలో కొందరు అనుకుంటారని తెలుసు. అనుకోవడం లో తప్పు లేదు. ఇటు విశాఖ లో ఆయన పేరుతో ఆసుపత్రి తెరిచిన 1923 లోనే, అటు మన్యం లో ఆయన పోలీసులు అల్లూరి సీతారామరాజు కోసం గాలిస్తున్నారు. మర్నాడు ఏ పత్రికలో ఎలా వస్తుందని చూసి కాల్చలేదు ఆయన్ని. కాబట్టి రాజుగారి మీద జాలితో రాస్తున్నది కాదు ఇది. మంచం మీద పడ్డాక రాజైనా మా నాన్నగారైనా ఒక్కటే అని ఒక విషయం లో నాకు రుజువైంది. దాని గురించి.

ముందు రాజుగారి సంగతి చెప్తాను. ఆయన జీవితాంతం సిగరెట్లు తెగ కాల్చాడు. 1928 నవంబరు లో ఊపిరితిత్తికి ఇన్ఫెక్షన్ సోకి, అది రక్తం లోకి పాకి, ప్రాణం మీదకి వచ్చింది. పెన్సిలిన్ మందుగా రావడానికి ఇంకా చాలా ఏళ్ళు ఉన్న రోజులు. చీము ఎక్కడ చేరిందో తెలియక డాక్టర్లు వారాల తరబడి తలలు పట్టుకుంటే, డిసెంబరు 12న లార్డ్ డాసన్ అనే ఆయన సొంత వైద్యుడు సిరంజి తో పొడిచి ఆ చోటు పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే ఆపరేషన్ చేసి చీము తీశారు. రాజు బతికాడు. తర్వాత సముద్రపు గాలి కోసం బోగ్నర్ అనే ఊళ్ళో ఉంచారు. ఆ పుణ్యాన ఆ ఊరు పేరు చివర "రీజిస్" అని రాజముద్ర తగిలించుకుంది. ఈ డాసన్ పేరు గుర్తుపెట్టుకోండి. ఏమాటకామాటే, రాజుకి ఏడేళ్ళ ఆయుష్షు పోసింది ఈయనే.

పోసిన ఆయుష్షు పూర్తి ఆరోగ్యం మాత్రం కాదు. అప్పట్నుంచీ ఆయన మునుపటి మనిషి కాలేదు. 1935 మే లో సింహాసనం ఎక్కి పాతికేళ్ళయిందని ఊరేగింపులు, జనం... నిజంగానే అంత ప్రేమ ఉందని ఆయనే ఆశ్చర్యపోయాడంటారు. ఆ డిసెంబరు లో చెల్లెలు విక్టోరియా పోయింది. రోజూ ఫోన్ లో మాట్లాడుకునే చెల్లెలు. ఆ దెబ్బ తో ఇంకా కుంగిపోయాడు. 1936 జనవరి 15 సాయంత్రం సాండ్రింగ్‌హామ్ లో జలుబుగా ఉందని గదిలోకి వెళ్ళి పడుకున్నవాడు మళ్ళీ ప్రాణంతో ఆ గది బయటకి రాలేదు.

జనవరి 20 మధ్యాహ్నం ప్రీవీ కౌన్సిల్ పెద్దలు మంచం దగ్గరకి వచ్చారు. రాజు చేయాల్సిన పనులు ఇంకొకరు చెయ్యడానికి అధికారం ఇస్తూ ఆయన సంతకం కావాలి. చెయ్యి స్వాధీనం లో లేదు. చాలాసేపు పట్టింది. మిమ్మల్ని ఇలా కాచుకునేలా చేస్తున్నందుకు క్షమించండి, మనసు నిలవడం లేదు అని వాళ్ళతో అన్నాడట. చివరికి ఏవో రెండు గీతలు గీశాడు. సామ్రాజ్యానికంతా చక్రవర్తి, చావు మంచం మీద నలుగురిని కాసేపు నిలబెట్టినందుకు మొహమాట పడ్డాడు. నాకు ఈ చరిత్ర మొత్తం లో ఆయన మీద ఇష్టం కలిగింది ఇక్కడొక్కచోటే.

రాత్రి 9.25 కి డాసన్ ఒక మెనూ కార్డు వెనకాల బులెటిన్ రాశాడు. రాజుగారి జీవితం ప్రశాంతంగా ముగింపు వైపు సాగుతోందని దాని సారాంశం. రేడియో లో చదివారు. ఇళ్ళల్లో జనం మాటలు మానేసి కూర్చున్నారు. పదకొండు అయింది. రాజు ఇంకా పోలేదు. అప్పుడు డాసన్ ముప్పావు గ్రెయిన్ మార్ఫిన్, ఒక గ్రెయిన్ కొకైన్ తన చేత్తోనే రాజుగారి మెడ నరం లోకి ఎక్కించాడు. ఇవాళ్టి లెక్కలో సుమారు 50 మిల్లీగ్రాముల మార్ఫిన్, 65 మిల్లీగ్రాముల కొకైన్. రాత్రి 11.55 కి రాజు పోయాడు.

ఎందుకలా చేశాడో ఆయనే నోట్సు లో రాసుకున్నాడు. ఈ ఆఖరి దశ ఇంకా చాలా గంటలు సాగవచ్చు, అది హుందాగా ఉండదు అన్నది ఒక కారణం. రెండోది, ఈ వార్త ముందుగా పొద్దుటి పత్రికల్లో రావాలి, సాయంత్రపు పత్రికల్లో కాదు. సాయంత్రం పత్రికలంటే అప్పట్లో కాస్త చవకబారు అని లెక్క. అంతకు ముందే లండన్ లో ఉన్న భార్యకి ఫోన్ చేసి, ప్రింటింగు కాస్త ఆపమని టైమ్స్ పత్రిక వాళ్ళకి చెప్పమన్నాడు.

మా వృత్తిలో డెడ్‌లైన్ అనే మాట రోజుకి పదిసార్లు వాడతాం. ఇది చదివాక రెండ్రోజులు ఆ మాట నోట రాలేదు నాకు.

డాసన్ ని సమర్థించేవాళ్ళు ఉన్నారు. రాజు ఎలాగూ స్పృహలో లేడు, ఎలాగూ తెల్లారేసరికి పోయేవాడు, ప్రాణాన్ని అనవసరంగా లాగవద్దని రాణీ మేరీ, పెద్ద కొడుకూ కూడా చెప్పారు కదా అంటారు. పొడిగించవద్దనడం వేరు, తొందరపెట్టమనడం వేరు అన్నది పక్కన పెడదాం. నొప్పితో విలవిల్లాడుతున్న మనిషికి మార్ఫిన్ ఇస్తే, దానివల్ల రెండు గంటలు ముందు పోతే, నేను ఆ డాక్టర్ కి దణ్ణం పెడతాను. కానీ రోగికి ఏమీ తెలియడం లేదని డాసనే రాశాడు! తెలియని బాధ నుంచి విముక్తి ఎవరికి? గది లో ఉన్నవాళ్ళకి. పత్రిక వాళ్ళకి. మన వైపు ఉత్తరాయణం లో పోతే పుణ్యం అంటారు. సంక్రాంతి వెళ్ళిన ఆరో రోజున పోయాడు కాబట్టి మా అమ్మమ్మ లెక్కలో జార్జి కూడా పుణ్యాత్ముడే. కానీ అంపశయ్య మీద ఉత్తరాయణం కోసం ఆగిన భీష్ముడు తన ముహూర్తం తనే పెట్టుకున్నాడు. అది ఆయనకున్న వరం. ఇక్కడ ముహూర్తం పెట్టింది డాక్టరు, చూసిన పంచాంగం పత్రికల టైమ్ టేబుల్.

తర్వాత జరిగింది నాకు ఇంకా కోపం తెప్పించింది. అదే ఏడాది డిసెంబరు 1న, స్వచ్ఛంద మరణానికి చట్టం తేవాలని హౌస్ ఆఫ్ లార్డ్స్ లో ఒక బిల్లు చర్చకి వచ్చింది. నయంకాని జబ్బుతో ఉన్న రోగి తనంతట తనే కోరుకుంటే, ఒక పద్ధతి ప్రకారం, కాగితం మీద. డాసన్ లేచి వ్యతిరేకంగా మాట్లాడాడు. ఇలాంటివి చట్టానికి ఎందుకు, వైద్యుల వివేకానికి వదిలెయ్యండి అని ఆయన వాదన. బిల్లు 35-14 తో వీగిపోయింది. పది నెలల కిందట తను ఏం చేశాడో ఆ సభలో ఉన్నవాళ్ళకి తెలియదు. రోగి అడగడానికి వీల్లేదు, డాక్టరు మాత్రం అడక్కుండా చెయ్యొచ్చు. ఇది వివేకం!

డాసన్ 1945 లో పోయాడు. ఫ్రాన్సిస్ వాట్సన్ అనే ఆయన 1950 లో డాసన్ జీవితచరిత్ర రాశాడు. ఈ నోట్సు ఆయనకి అప్పటికే తెలుసు. డాసన్ గారి భార్య వద్దంటే వదిలేశాడు. చివరికి 1986 లో బయటపెట్టాడు. అంటే యాభై ఏళ్ళు లోకం అంతా ఆ మెనూ కార్డు మీద మాటల్నే నమ్మింది. ప్రశాంతంగా, ముగింపు వైపు, సాగుతోంది.

ఇక్కడిదాకా చదివి డాసన్ ని కడిగి పారేస్తూ ఒక పేజీ రాసి పెట్టుకున్నాను. రాత్రి మళ్ళీ చదువుకుంటే గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అయింది నా పని. చేసిన పాపం చెబితే పోతుందంటారు. పోయినా పోకపోయినా చెప్తున్నాను.

2019 ఫిబ్రవరి. బుధవారం రాత్రి తొమ్మిదిన్నరకి బాబాయ్ ఫోన్. అక్కడ తెల్లవారుజాము మూడు. ఆ టైములో ఇండియా నుంచి ఫోన్ వస్తే ఎందుకు వస్తుందో బయట దేశాల్లో ఉన్న మనందరికీ తెలుసు, ఎత్తే లోపలే తెలుసు. నాన్నగారికి మెదడులో రక్తనాళం చిట్లింది, ఆసుపత్రి లో చేర్చాం, పెద్ద డాక్టర్ ఆశ లేదంటున్నాడు, వెంటిలేటర్ పెట్టమంటారా వద్దా అని అడుగుతున్నారు. బాబాయ్ గొంతులో "వద్దంటావా" అన్న ప్రశ్న ఉంది. అది నేను విన్నాను. విని కూడా అన్నాను, "నేను వచ్చేదాకా ఎలాగైనా ఉంచండి బాబాయ్. ఎంతయినా పర్లేదు."

ఎంతయినా పర్లేదు. డబ్బు గురించి అన్నాను నేను.

టికెట్ మర్నాడు మధ్యాహ్నానికి దొరికింది. హీత్రో, దుబాయ్, హైదరాబాదు, విశాఖ. ఫోన్ వచ్చినప్పట్నుంచి ఐసీయూ తలుపు దాకా 34 గంటలు. దుబాయ్ లో దిగి ఫోన్ చేస్తే మా బావ అన్నాడు, "డాక్టర్ పొద్దున్నా సాయంత్రం ఒకటే అడుగుతున్నాడు, అబ్బాయి ఎప్పుడొస్తున్నాడు అని." ఆ డాక్టర్ ని నేను తప్పు పట్టను. ఆయన రోజూ చూస్తుంటాడు ఇలాంటివి. అమెరికా అబ్బాయి, లండన్ అబ్బాయి, దుబాయ్ అబ్బాయి. ఆయన దగ్గర మా ఫ్లైట్ల టైమింగులు ఉంటాయి, డాసన్ దగ్గర పత్రికల టైమింగులు ఉన్నట్టే.

నేను వెళ్ళాను. చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి వెచ్చగా ఉంది, ఉబ్బి ఉంది, ఉంగరం కోసి తీసిన గుర్తు ఉంది. నలభై నిమిషాల తర్వాత మిషన్ తీశారు. వచ్చినవాళ్ళందరూ ఒకటే మాట, "కొడుకు కోసం ప్రాణం ఉగ్గబట్టుకుని ఉన్నాడు మహానుభావుడు." పదమూడు రోజులూ అదే మాట. నేనూ తలూపాను. బాగుంది వినడానికి.

ఆర్నెల్ల తర్వాత అమ్మ ఇక్కడికి వచ్చింది. ఒకరోజు వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ, తలెత్తకుండా చెప్పింది. ఆ రాత్రి ఆసుపత్రి కి తీసుకెళ్ళాక, గొట్టం వేసేముందు, ఆయనకి కొంచెం తెలివి ఉందట. చెయ్యి అడ్డం పెట్టి "వద్దు" అన్నారట. ఏది వద్దన్నారో, ఎవరితో అన్నారో తెలియదు. నర్సు చెయ్యి పక్కకి జరిపింది. "నీకోసం ఉన్నార్రా అనుకున్నాం. ఉన్నారో, ఉంచామో" అంది అమ్మ.

డాసన్ ముందుకి జరిపాడు, నేను వెనక్కి జరిపాను. ఆయన ఒకటి రెండు గంటలో, తెల్లారేదాకానో. నేను 34 గంటలు. నాది ప్రేమ కదా అని సర్ది చెప్పుకోవచ్చు. డాసన్ కూడా రాజుగారి మీద భక్తి తోనే చేశానని అనుకుని ఉంటాడు, ఒకసారి బతికించినవాడు కదా. నేను ఇప్పుడు పోట్లాడుతున్నది ఇంజెక్షన్ తోనూ కాదు, వెంటిలేటర్ తోనూ కాదు. ఇద్దరు ముసలివాళ్ళని, ఇంకా మాట్లాడగలిగిన రోజుల్లో, ఎవరూ ఒక్క మాట అడగలేదు. జార్జిని 1928 జబ్బు తర్వాత అడగొచ్చు, ఏడేళ్ళు టైముంది. మా నాన్నగారికి మొదటి స్ట్రోకు 2016 లో వచ్చింది. మూడేళ్ళు. వారం వారం ఫోన్ లో బీపీ ఎంత, షుగర్ ఎంత, క్రికెట్ చూశారా అని అడిగాను.

"అలాంటి అపశకునం మాటలు పెద్దవాళ్ళ తో ఎలా మాట్లాడతాం?" అంటారు. నిజమే, నాకూ నోరు రాలేదు. కానీ వాళ్ళు మనకంటే తేలిగ్గా మాట్లాడతారు, గమనించారా? "నన్ను ఆ గొట్టాలకి కట్టెయ్యకండ్రా" అని మన ఇళ్ళల్లో ప్రతి పెద్దావిడా ఎప్పుడో ఒకప్పుడు అనే ఉంటుంది. మనమే "ఛ, ఏం మాటలవి" అని నోరు మూయిస్తాం. అడగడమే కాదు, అడిగితే వినడం కూడా మనకి చేతకాదు. 2004 లో హైదరాబాదు లో కండరాలు క్షీణించే జబ్బుతో ఉన్న పాతికేళ్ళ కుర్రాడు, ఒకప్పటి చెస్ ఆటగాడు, తన అవయవాలు పాడవక ముందే దానం చేసి పోతానని అడిగితే, వాళ్ళమ్మ హైకోర్టు కి వెళ్తే, కోర్టు కుదరదంది. అడిగినవాడు పేషెంటు కాబట్టి చట్టం గుర్తొచ్చింది అందరికీ.

చట్టాలు మెల్లగా కదిలాయి. 2018 మార్చి 9న మన సుప్రీంకోర్టు, మనిషి తెలివిలో ఉండగా రాసుకున్న లివింగ్ విల్ చెల్లుతుందని తీర్పిచ్చింది. జడ్జి సంతకం లాంటి తలనొప్పులు మొదట్లో పెట్టి, 2023 లో తగ్గించింది. నోటరీ దగ్గరో గెజిటెడ్ ఆఫీసర్ దగ్గరో చేయించుకోవచ్చంది. ఇక్కడ బ్రిటన్ లో, డాసన్ వీగించిన బిల్లుకి వారసురాలు లాంటిది 2025 జూన్ 20న హౌస్ ఆఫ్ కామన్స్ లో 314-291 తో గట్టెక్కింది. మరణం కోరుకోవడానికి చట్టం ఉండాలా వద్దా అన్నది పెద్ద వాదన, నా బుర్రకి మించినది. దాని జోలికి పోను. వెంటిలేటర్ వద్దు అని ముందే చెప్పుకోవడానికి మాత్రం ఆ వాదన తేలేదాకా ఆగక్కర్లేదు.

అన్నట్టు, అయిదవ జార్జి పోయిన ఆ రాత్రే కొత్త రాజు ఎనిమిదవ ఎడ్వర్డు ఇచ్చిన మొదటి ఆజ్ఞల్లో ఒకటి, సాండ్రింగ్‌హామ్ గడియారాలన్నీ వెనక్కి తిప్పమని. ఆ ఇంటి ప్రత్యేకమైన టైము ఆ రాత్రి తో సరి. ఇంట్లో వాళ్ళు కొందరు బాధపడ్డారట. నాకైతే ఆ కుర్రాడు చేసిన మంచి పని అదొక్కటే అనిపిస్తుంది.

సాండ్రింగ్‌హామ్ నుంచి వచ్చిన మర్నాడు ఆదివారం అమ్మకి ఫోన్ చేశాను. రాజుగారి కథ అంతా చెప్పాను. డాసన్ ని రెండు తిట్లు తిట్టింది. తర్వాత లివింగ్ విల్ అంటే ఇదీ అని చెప్పి, నీకు ఎలా కావాలో అడగనా అమ్మా అన్నాను. కోప్పడుతుందేమో అనుకున్నాను. కోప్పడలేదు. "గొట్టాలు వద్దు. ఇంట్లోనే ఉంచండి. నొప్పికి మాత్రం మందివ్వమను" అని టకటకా చెప్పింది, ఎన్నాళ్ళ నుంచో సిద్ధంగా పెట్టుకున్నట్టు. నేను కాగితం మీద రాసుకుంటున్నాను.

కాసేపాగి అడిగింది, "నువ్వొచ్చేదాకా ఆగక్కర్లేదు అని కూడా అందులో రాయొచ్చా నాన్నా?"

రాయొచ్చన్నాను.

"అయితే రాయి. నువ్వు బాధపడనంటేనే."

రాశాను. ఈ డిసెంబరు లో వెళ్ళినప్పుడు నోటరీ దగ్గరకి తీసుకెళ్ళాలి.